మాజీ సైనికుల ఆత్మహత్యల నివారణ: చికిత్సకుల శిక్షణ చరిత్ర

అమెరికాలో సైన్యం నుంచి బయటికి వచ్చినవారికి వైద్యం అందించే ప్రభుత్వ విభాగం వెటరన్స్ అఫైర్స్ శాఖ. వాడుకలో దాన్ని వీఏ అంటారు. ఆ శాఖ ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లు, సైకాలజిస్టులు, నర్సులు, సోషల్ వర్కర్లకు ఆత్మహత్యల నివారణలో ఇస్తున్న శిక్షణ ఎలా రూపుదిద్దుకుందో ఈ వ్యాసం వివరిస్తుంది. 2022లో అమెరికాలో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్యతో మరణించారు. సగటున రోజుకు 17.6 మంది. సమస్య ఇంత పెద్దది కాబట్టే వీఏ ఈ రంగంలో పరిశోధనకూ శిక్షణకూ ప్రయోగశాల అయింది. ఆ చరిత్ర రెండు సంగతులు తేలుస్తుంది. ఎవరు ప్రాణం తీసుకుంటారో ముందే పసిగట్టే విద్యగా మొదలైన శిక్షణ, ఎదుట కూర్చున్న మనిషితో ఏ పని చేయాలో నేర్పే విద్యగా మారాకే ఫలితాలు కనిపించాయి. అలా నేర్చుకున్నది కూడా, తరగతి ముగిశాక పర్యవేక్షణ కొనసాగిన చోటే నిలిచింది.

ముందే కనిపెట్టాలన్న ఆశ

ఆత్మహత్యల శాస్త్రీయ అధ్యయనానికి మాజీ సైనికుల వైద్యంతో మొదటి నుంచీ చుట్టరికం ఉంది. 1949లో లాస్ ఏంజెలెస్ వీఏలో సైకాలజిస్టుగా ఉన్న ఎడ్విన్ ష్నైడ్‌మన్, ఆత్మహత్య చేసుకున్న ఇద్దరు మాజీ సైనికుల భార్యలకు సంతాప లేఖలు రాసే పని మీద అసహజ మరణాలను విచారించే కౌంటీ కరోనర్ కార్యాలయానికి వెళ్లాడు. మరణించినవారు రాసి పెట్టిన ఉత్తరాలు అక్కడి ఫైళ్లలో వందల కొద్దీ కనిపించాయి. వాటిని సహచరుడు నార్మన్ ఫార్‌బెరోతో కలిసి శాస్త్రీయంగా పరిశీలించాడు. వారిద్దరూ మనోవైద్యుడు రాబర్ట్ లిట్‌మన్‌తో కలిసి 1958లో లాస్ ఏంజెలెస్ ఆత్మహత్యల నివారణ కేంద్రాన్ని స్థాపించారు. మనిషి ఆ స్థితికి ఎలా చేరుకుంటాడో తెలిస్తే ముందుగానే గుర్తించవచ్చన్న నమ్మకం ఆ కాలపు ఆలోచన మీద బలంగా ఉండేది. వయసు, ఒంటరితనం, మద్యం, గతంలో చేసిన ప్రయత్నం వంటి ప్రమాద సూచికల జాబితాలే చాలాకాలం పాఠాలుగా సాగాయి.

ఆ నమ్మకాన్ని గట్టిగా పరీక్షించినది కూడా వీఏ పరిశోధనే. హ్యూస్టన్ వీఏ ఆసుపత్రి మనోవైద్య విభాగంలో చేరిన 4,800 మందిని అలెక్స్ పొకోర్నీ సుమారు అయిదేళ్లు గమనించి, 1983లో ఫలితాలు ప్రకటించాడు. సూచికలన్నీ కలిపి లెక్క కడితే 803 మంది ప్రమాదంలో ఉన్నట్టు తేలింది. వాస్తవంగా ఆత్మహత్యతో మరణించినవారు 67 మంది కాగా, వారిలో 30 మంది మాత్రమే ఆ 803లో ఉన్నారు. అంటే గుర్తించిన ప్రతి వందమందిలో తొంభై ఆరుగురి విషయంలో అంచనా తప్పింది. మరణించినవారిలో సగానికి పైగా జాబితాకే అందలేదు. 2017లో జోసెఫ్ ఫ్రాంక్లిన్ బృందం యాభై ఏళ్ల కాలంలో వచ్చిన 365 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా, ఇలాంటి అంచనాలు గుడ్డిగా ఊహించడం కన్నా కొద్దిగా మాత్రమే మెరుగని తేలింది. కాబట్టి సూచికల జాబితా ఎంత బాగా కంఠస్థం చేయించినా చికిత్సకుడి చేతికి పనిముట్టు దొరకదు. 1970ల నుంచి వాడుకలోకి వచ్చిన 'ఆత్మహత్య చేసుకోను' అనే ఒప్పంద పత్రాలదీ అదే కథ. రోగి చేత సంతకం పెట్టిస్తే ఆసుపత్రికి కాస్త నిశ్చింతగా ఉండేదేమో గానీ, అది ప్రాణాలు కాపాడుతుందనడానికి రుజువు దొరకలేదు.

మరో దారి ఉందని చూపిన వ్యక్తి శాన్ ఫ్రాన్సిస్కో మనోవైద్యుడు జెరోమ్ మోటో. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాక చికిత్స కొనసాగించని 843 మందిని యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అయిదేళ్లలో ఇరవై నాలుగు చిన్న ఉత్తరాలు పంపించాడు. ఏ షరతూ లేని క్షేమ సమాచారపు ఉత్తరాలవి. మొదటి రెండేళ్లలో ఆ గుంపులో ఆత్మహత్యలు స్పష్టంగా తక్కువగా ఉన్నాయని 2001లో వెలువడిన నివేదిక చెప్పింది. ఎవరు చనిపోతారో మోటో అంచనా వేయలేదు. అందరితోనూ బంధం నిలుపుకొన్నాడు.

2007: చట్టం, వ్యవస్థ

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగి వస్తున్నవారి ఆత్మహత్యలు దేశాన్ని కలవరపెట్టడంతో 2007 నవంబరులో జాషువా ఓమ్‌విగ్ అనే సైనికుడి పేరిట మాజీ సైనికుల ఆత్మహత్యల నివారణ చట్టం వచ్చింది. మాజీ సైనికులతో వ్యవహరించే సిబ్బందికి శిక్షణ తప్పనిసరి చేయడం, ప్రతి ఆసుపత్రిలో నివారణ బాధ్యతను ఒకరికి అప్పగించడం, ఇరవై నాలుగు గంటల సహాయం అందుబాటులో ఉంచడం అందులో ముఖ్యాంశాలు. న్యూయార్క్ రాష్ట్రంలోని కానన్‌డెయిగ్వాలో వీఏ టెలిఫోన్ సహాయ కేంద్రం ఆ ఏడాదే మొదలైంది. ఇప్పుడు 988కి ఫోన్ చేసి 1 నొక్కితే దానికి కలుస్తుంది. భారత్‌లో ఇలాంటి అవసరానికి 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. అందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. చట్టం వల్ల శిక్షణ అందరికీ చేరింది. అయితే ఏం నేర్పాలన్నది చట్టం తేల్చగలిగే ప్రశ్న కాదు. దానికి జవాబు పరిశోధన నుంచే రావాలి.

రుజువుకు నిలిచిన పద్ధతులు

2005లో గ్రెగరీ బ్రౌన్, ఆరన్ బెక్ తదితరులు ఫిలడెల్ఫియాలో, ఆత్మహత్యా ప్రయత్నం చేసి బతికిన 120 మందిపై జరిపిన పరీక్ష మొదటి బలమైన జవాబు. సుమారు పది విడతల కాగ్నిటివ్ థెరపీ (ఆలోచనా తీరును మార్చే చికిత్స) పొందినవారు, తర్వాతి పద్దెనిమిది నెలల్లో మళ్లీ ప్రయత్నించే అవకాశం మిగతావారితో పోలిస్తే సగానికి తగ్గింది. కొలరాడోలోని ఫోర్ట్ కార్సన్‌లో 152 మంది సైనికులపై డేవిడ్ రడ్ బృందం ఇలాంటి చికిత్సనే పరీక్షించి, రెండేళ్ల కాలంలో ప్రయత్నాలు సుమారు 60 శాతం తగ్గాయని 2015లో ప్రకటించింది. ఈ చికిత్సలు నిరాశను ఒక జబ్బు లక్షణంగా చూసి ఊరుకోవు. సంక్షోభం ముంచుకొచ్చే క్షణాన్ని రోగితో గంట గంటకూ విడదీసి చూపించి, ఎక్కడ ఆగవచ్చో సాధన చేయిస్తాయి.

వారాల తరబడి సాగే చికిత్స అత్యవసర విభాగంలో కుదరదు. ఆ లోటు పూడ్చడానికి బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ సేఫ్టీ ప్లాన్ అనే పద్ధతి రూపొందించారు. మాజీ సైనికుల కోసం దాని మాన్యువల్ 2008లో వచ్చింది. అందులో ఆరు మెట్లుంటాయి: తనకు ప్రమాద ఘడియ దగ్గరపడుతోందని చెప్పే గుర్తులు, ఒంటరిగా చేసుకోగల ఉపశమనాలు, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగదగిన ఆప్తులు, చికిత్సకులూ సహాయ కేంద్రాల నంబర్లూ, చివరగా ఇంట్లో ప్రాణాపాయ సాధనాలు చేతికి అందకుండా చేసే ఏర్పాటు. దీన్ని రోగీ చికిత్సకుడూ కలిసి, రోగి మాటల్లోనే రాస్తారు. తొమ్మిది వీఏ ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో 1,640 మందితో జరిగిన అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. సేఫ్టీ ప్లానూ తర్వాతి ఫోన్ పలకరింపులూ ఉన్న చోట ఆరు నెలల్లో 3.03 శాతం మందిలో, మామూలు వైద్యం జరిగిన చోట 5.29 శాతం మందిలో ఆత్మహత్యా ప్రవర్తన నమోదైంది. ఇది యాదృచ్ఛిక విభజనతో చేసిన పరీక్ష కాదు, ఆసుపత్రికీ ఆసుపత్రికీ పోలిక. ఆ పరిమితి ఒప్పుకున్నా, పొకోర్నీ కాలంలో లేనిదొకటి ఇప్పుడు ఉంది: నేర్పదగిన పని, దాని ఫలితాన్ని కొలిచే దారి. వీఏ, రక్షణ శాఖ ఉమ్మడిగా 2013లో ప్రచురించి, 2019లో, 2024లో సవరించిన చికిత్సా మార్గదర్శకాలు ఏ పద్ధతికి ఎంత రుజువు ఉందో తూచి చెబుతాయి.

తరగతి ముగిశాక

పద్ధతి దొరికినంత మాత్రాన అది చికిత్స గదిలోకి చేరదు. విలియం మిల్లర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించింది. మద్యం, మాదకద్రవ్యాల బాధితులతో పనిచేసే 140 మంది నిపుణులకు సంభాషణ నైపుణ్యాలు నేర్పారు. వర్క్‌షాప్‌తో సరిపెట్టుకున్నవారి నైపుణ్యం కొన్ని నెలల్లో జారిపోయింది. తమ పనిని ఎవరో విని తప్పొప్పులు చెప్పినవారిలో, శిక్షకుడు వెన్నంటి ఉన్నవారిలో నిలిచింది. యుద్ధ అనుభవాలు మిగిల్చే మానసిక ఒత్తిడికి చికిత్సలు నేర్పడానికి 2007 ప్రాంతంలో వీఏ ప్రారంభించిన జాతీయ కార్యక్రమం సరిగ్గా ఈ సూత్రం మీదే నడిచింది: కొన్ని రోజుల వర్క్‌షాప్, ఆపై నెలల తరబడి వారం వారం నిపుణుడితో నిజమైన కేసుల చర్చ. ఆత్మహత్యల నివారణకు ఉద్దేశించిన కాగ్నిటివ్ చికిత్సల శిక్షణ కూడా తర్వాత ఆ బాటలోనే వచ్చింది. డెన్వర్ ప్రాంతంలోని వీఏ పరిశోధన కేంద్రం, క్లిష్టమైన కేసుల్లో దేశంలో మాజీ సైనికులకు వైద్యం చేసే ఏ చికిత్సకుడైనా సలహా అడిగే ఏర్పాటు చేసింది.

దీనికి భిన్నమైన తీరు గంటలు లెక్కపెట్టే శిక్షణ. మానసిక వైద్య వృత్తుల వారికి ఆత్మహత్యల నివారణ శిక్షణను 2012లో చట్టం ద్వారా తప్పనిసరి చేసిన తొలి రాష్ట్రం వాషింగ్టన్. ఆ చట్టం మేలు చేసింది. ఆత్మహత్య గురించి ఒక్క పాఠమూ వినకుండానే లైసెన్సుతో ఏళ్ల తరబడి కొనసాగే స్థితికి అడ్డుకట్ట వేసింది. కానీ హాజరు ధ్రువపత్రం, రోగి ముందు కూర్చున్నప్పటి నైపుణ్యానికి హామీ కాదు. సేఫ్టీ ప్లాన్ కూడా కంప్యూటర్‌లో నింపే ఫారంగా దిగజారవచ్చు, ఒప్పంద పత్రం ఒకప్పుడు చేసిన పనే చేయవచ్చు. పద్ధతులన్నీ చివరకు కాగితాలవుతాయన్న విమర్శలో నిజం ఉంది. అయితే ఆ విమర్శ పద్ధతిని వదిలేయమని చెప్పదు. రాసిన ప్లాన్‌ను ఎవరో చదివి, రాసినవారితో చర్చించే ఏర్పాటు కావాలని మాత్రమే చెబుతుంది.

అభ్యంతరాలు, సమాధానాలు

ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం చికిత్సకుల్లోనూ ఉంటుంది. 2005లో న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూల్ విద్యార్థులతో జరిగిన యాదృచ్ఛిక పరీక్షలో అలా అడిగినందువల్ల బాధ గానీ ఆలోచనలు గానీ పెరగలేదు. 2018 నుంచి వీఏ ఆత్మహత్యా ఆలోచనల గురించి సూటిగా అడిగే ప్రశ్నలను దేశవ్యాప్తంగా ప్రవేశపెట్టగలగడానికి ఇలాంటి ఆధారాలే దన్ను.

రెండో అభ్యంతరం తుపాకుల గురించి. 2022లో మాజీ సైనికుల ఆత్మహత్యల్లో 73.5 శాతం తుపాకులతోనే జరిగాయి. ఆ మాట ఎత్తితే హక్కుల మీద దాడిగా భావించి రోగి దూరమవుతాడని కొందరి వాదన. శిక్షణలో నేర్పేది స్వాధీనం చేసుకోవడం కాదు. కష్టకాలం గడిచేదాకా తాళం వేయడం, నమ్మకస్తుల దగ్గర ఉంచడం వంటి ఏర్పాట్లను రోగి ఇష్టంతోనే మాట్లాడుకోవడం. ఆయుధానికీ ఆవేశానికీ మధ్య కాస్త దూరం పెడితే ప్రాణాలు నిలుస్తాయనడానికి ఇజ్రాయెల్ సైన్యం అనుభవం బలమైన సాక్ష్యం. 2006లో అక్కడ వారాంతాల్లో ఆయుధాలు ఇంటికి తీసుకెళ్లడాన్ని తగ్గించాక యువ సైనికుల ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గడం కూడా ఇదే సూత్రాన్ని చెబుతుంది.

ఈ పని యంత్రాలకు అప్పగించవచ్చు కదా అన్నది మూడో ప్రశ్న. 2017 నాటికి దేశమంతటా అమలైన రీచ్ వెట్ కార్యక్రమంలో కంప్యూటర్ వైద్య రికార్డులు జల్లెడపట్టి, అత్యంత ప్రమాదంలో ఉన్న 0.1 శాతం మందిని చూపిస్తుంది. 2021లో వచ్చిన మదింపులో, ఆ కార్యక్రమం కిందికి వచ్చినవారు డాక్టరు దగ్గరకు రావడం పెరిగింది, ఆత్మహత్యా ప్రయత్నాలు తగ్గాయి. మరణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. కంప్యూటర్ పేరు ఇవ్వగలదు. ఆ పేరు గల మనిషికి ఫోన్ చేసి మాట్లాడే పని శిక్షణ పొందిన చికిత్సకుడిదే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం నాలుగోది: ఇంత శిక్షణ తర్వాత కూడా ఏటా ఆరు వేలకు పైగా మరణాలెందుకు? దీనికి పూర్తి సమాధానం లేదు. ఆత్మహత్య అరుదైన సంఘటన కాబట్టి చాలా పరీక్షలు ప్రయత్నాలు తగ్గాయనే చూపగలిగాయి. మరణాలు తగ్గాయని నిరూపించేంత పెద్దవి కాలేకపోయాయి. అయితే మరణించినవారిలో ఎక్కువమంది ఇటీవలి కాలంలో వీఏ వైద్యం పొందనివారన్నది కూడా గుర్తుంచుకోవాలి. వీఏ గదిలో జరిగిన శిక్షణ, ఆ గదికి రాని మనిషిని చేరుకోలేదు.

వీఏ గోడలు దాటి

అందుకే ఇప్పటి సవాలు వీఏ బయటి డాక్టర్లదే. 2014, 2018 నాటి చట్టాలతో మాజీ సైనికులు ప్రైవేటు వైద్యుల దగ్గరకు వెళ్లే వీలు పెరిగింది. 2023 జనవరి నుంచి ఆత్మహత్యా సంక్షోభంలో ఉన్న అర్హులైన మాజీ సైనికులు ఏ ఆసుపత్రి అత్యవసర విభాగానికైనా వెళ్లి ఉచితంగా చికిత్స పొందవచ్చు. కానీ 2014లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ జరిపిన సర్వేలో, సైనిక జీవితంపై అవగాహనా రుజువున్న చికిత్సల్లో శిక్షణా రెండూ ఉన్న మానసిక చికిత్సకులు 13 శాతమే. అందుబాటు పెంచిన చట్టాలు నైపుణ్యాన్ని అంతే వేగంగా పెంచలేకపోయాయి. ఈ వైద్యుల్లో చాలామంది చిన్న క్లినిక్కుల్లో ఒంటరిగా పనిచేసేవారు. వారం వారం కేసులు చర్చించే సీనియర్ వారికి ఉండరు. వీఏ అనుభవం నుంచి నేర్చుకోవలసిన పాఠం ఏదైనా ఉంటే, వారికి మరో ఆన్‌లైన్ కోర్సు కన్నా ఆ సీనియర్‌ను సమకూర్చడానికి డబ్బూ సమయమూ వెచ్చించాలన్నదే.