పట్టా పేరు మీద ఓటు: మద్రాసు రాష్ట్రంలో స్త్రీల ఓటుహక్కు

మద్రాసు శాసనసభ 1921 ఏప్రిల్ 1న స్త్రీలకు ఓటుహక్కు ఇస్తూ తీర్మానించింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలలో ఇదే మొదటిది. ఈ ఘనతను చెప్పుకోవడం సులువే; ఆ ఓటు ఏ ఇంటి గడప దాకా చేరిందో చూడాలంటే మాత్రం భూమి రికార్డులు తిరగేయాలి.

ఓటు ఉద్యమానికి పుట్టిల్లు మద్రాసులోని అడయారు. అక్కడ 1917లో మార్గరెట్ కజిన్స్, డొరొతీ జినరాజదాస, అనీబిసెంట్ ప్రభృతులు విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ను స్థాపించారు. ఆ డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల ప్రతినిధి వర్గం మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసింది. వినతిపత్రంలో కీలకమంతా ఒక్క మాట మీద నిలిచింది: ‘ప్రజలు’ అన్నప్పుడు అందులో స్త్రీలూ ఉన్నారని గుర్తించాలి. ఓటు అర్హతలను పరిశీలించిన సౌత్‌బరో కమిటీ పరదాను, ఆచారాన్ని అడ్డంకులుగా చూపింది. 1919 భారత ప్రభుత్వ చట్టం ఆ తలనొప్పిని రాష్ట్రాల శాసనసభలకు వదిలేసింది.

1921 తీర్మానం తీసేసింది ‘ఆడది’ అన్న అనర్హతను ఒక్కదాన్నే. ఆస్తి అర్హత అలాగే ఉంది. పల్లెలో ఓటరు కావాలంటే పట్టా ఉండాలి, శిస్తు కట్టాలి. మితాక్షర న్యాయం నడిచే ఉమ్మడి కుటుంబంలో పట్టా మగవాళ్ల పేరనే ఉండేది. ఇరవై ఎకరాల మాగాణి ఉన్న ఇంటి ఇల్లాలు, నాట్లకు కూలీలను పిలిపించి గాదెల తాళాలు బొడ్లో దోపుకునే మనిషి, ఓటరు కాదు. పసుపు కుంకుమల కింద పుట్టింటివారిచ్చిన పొలం చెక్క ఆమె పేర రాసి ఉంటే, దాని శిస్తు సరిపడితే, అప్పుడు ఓటరు. ఈనాం మాన్యం తన పేరనే ఉన్న దేవదాసి ఈ కొలతకు గృహిణి కంటే దగ్గరగా ఉండేది. ‘మర్యాదస్తుల’ ఓటుగా ఊహించిన హక్కుకు ఇది చిత్రమైన ఫలితం. మొత్తం మీద వయోజన స్త్రీలలో ఓటున్నవారు నూటికి ఒకరికి అటూ ఇటూ. సభ అంత తేలిగ్గా ఒప్పుకోవడానికి ఈ ఇరుకుతనమూ ఒక కారణమని నా అభిప్రాయం.

పోటీ చేసే హక్కు 1926లో వచ్చింది. మంగళూరులో కమలాదేవి చట్టోపాధ్యాయ నిలబడి కొద్దిలో ఓడారు. నామినేషన్‌పై సభకు వచ్చిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఉపాధ్యక్షురాలయ్యారు.

ఆ తర్వాత పట్టాకు బదులు మరో దారి వెతికారు: మొగుడి ఆస్తిని బట్టి పెళ్లానికి ఓటు. 1932లో ఓటు అర్హతలపై వేసిన లోథియన్ కమిటీ దీన్ని సిఫారసు చేసింది, 1935 చట్టంలో అదే ఒక రూపంలో చేరింది. ఓటర్ల సంఖ్య పెరిగింది. అయితే అఖిల భారత మహిళా సభ దీనికి ఎదురుతిరిగింది. తాళిబొట్టు పేరిట వచ్చే ఓటు తమకొద్దనీ, వయోజనులందరికీ ఓటు కావాలనీ పట్టుబట్టింది. ఆ కోరిక 1951-52 ఎన్నికల్లో తీరింది. అప్పుడు పట్టా ఎవరూ అడగలేదు.

ఒకప్పుడు పట్టాను మగవాళ్ల పేరనే ఉంచిన ఆ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు 1985 సెప్టెంబరు 5 నుంచి దక్కింది. అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే.