విరాటరాజు దిబ్బ

మాది పెనుబల్లి. ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. చూడ్డానికి ఏమున్నాయి అని అడిగితే మావాళ్ళు శివరాత్రికి నీలాద్రి అంటారు, లంకాసాగర్ అంటారు, ఆపైన ఇక భద్రాచలమే. నేనూ అదే చెప్పేవాణ్ణి. బౌద్ధ స్తూపం రాళ్ళని నేను మొదటిసారి దగ్గరగా చూసింది ఎక్కడో తెలుసా? లండన్లో!

ఆన్‌సైట్‌లో ఉండగా ఓ శనివారం వాన పడుతుంటే, టికెట్టు లేదు కదా అని బ్రిటిష్ మ్యూజియంలో దూరాను. అక్కడ ఒక గది నిండా అమరావతి శిల్పాలే. మన జనం ఆ స్తూపాన్ని దీపాలదిన్నె అనేవాళ్ళు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి కొత్త పట్నానికి కొన్ని ఇటుకలూ రాళ్ళూ పోగా, వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించినవి 1859లో మద్రాసు నుంచి లండన్ చేరాయి. ఆ రాత్రి రూముకొచ్చి, మన వైపు ఇంకా ఎక్కడెక్కడ స్తూపాలున్నాయా అని వెతుకుతుంటే నేలకొండపల్లి పేరు కనబడింది. మా ఖమ్మం జిల్లాలోనే! సిగ్గేసింది.

తిరిగొచ్చాక మావయ్యని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఖమ్మం నుంచి కోదాడ దారిలో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. స్తూపం ఉన్నది పక్కనే ముజ్జుగూడెం వైపు, పొలాల మధ్య. మళ్ళీ ఇటుకలు పేర్చి బాగుచేసిన పెద్ద గుమ్మటం. ఈ చుట్టుపక్కల తవ్వకాల్లో విహారాల పునాదులు, బావులు, తొట్లు, మట్టి బొమ్మలు, ఒక కంచు బుద్ధ విగ్రహం, రాతిలో చెక్కిన చిన్న స్తూపం బయటపడ్డాయి. అవి 3, 4 శతాబ్దాల నాటివి అంటారు. అంటే విజయపురిలో ఇక్ష్వాకులు ఏలిన రోజులు. ఆ విజయపురిని ముంచిన సాగర్ నీళ్ళే ఎడమ కాలువలో ఇక్కడి పాలేరుకి వస్తున్నాయి, చూశారా!

గేదెలు కాసుకుంటున్న ఓ పెద్దాయన్ని "ఇదేంటి తాతా?" అని అడిగాను.

"విరాటరాజు కోట గదయ్యా. పాండవులు దాక్కున్నది ఈడనే."

ఊళ్ళో విరాటరాజు దిబ్బ ఉంది, కీచకగుండమూ ఉంది. మావయ్య "ఆయన చెప్పిందే నిజం, నువ్వు ఇంటర్నెట్లో చదివింది కాదు" అని తేల్చేశాడు. నేను వాదించలేదు. కామెంట్లు లేని పాత కోడ్ మన చేతికొస్తే మనం మాత్రం ఏం చేస్తాం? చూసి, మనకి తెలిసిన పేరేదో పెట్టుకుంటాం.

కానీ ఈ పేరే ఎందుకు పెట్టుకున్నారు? నాకు తోచింది ఇది. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే దేశం మనది. తిక్కన భారతం మొదలుపెట్టింది కూడా ఆ పర్వంతోనే. భిక్షువులు పోయాక, ఆ కథ వింటూ పెరిగిన జనానికి ఇంత పెద్ద ఇటుకల దిబ్బ కనిపిస్తే ఇంకెవరు గుర్తొస్తారు?

ఇదే ఊరు కంచర్ల గోపన్నది కూడా. తానీషా కాలంలో, 17వ శతాబ్దంలో, పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, పన్నుల సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. ఆయన పేర ఇక్కడ ధ్యానమందిరం ఉంది. 2017లో పాలేరు దగ్గర మొదలైన ఎత్తిపోతల పథకానికీ ఆయన పేరే. రామదాసుకి కీర్తనలున్నాయి, విరాటుడికి భారతం ఉంది, ఇద్దరూ బతికారు. ఇక్కడ ఇటుకలు మోసి స్తూపం కట్టినవాళ్ళ గురించి తెలుగులో ఎవరూ పాడలేదు. అందుకే కాబోలు, వాళ్ళ ఊరిని వేరేవాళ్ళ పేరుతో పిలుస్తున్నాం.

తాత చెప్పే కథని చెరిపేయమని నేననను. ఆ కథ వల్లే ఆ దిబ్బకి ఏదో ఒక పేరైనా మిగిలింది. దాని పక్కన రెండో కథ కూడా చెప్పే మనిషి ఒక్కడుంటే బాగుండును. మేము వెళ్ళిన రోజు అక్కడ గేదెలు తప్ప ఎవరూ లేరు.

తిరిగొచ్చేటప్పుడు కాస్త చుట్టూ తిరిగి కూసుమంచిలో కాకతీయుల నాటి గణపేశ్వరాలయం చూశాం. శివలింగం ఎంత పెద్దదో! మావయ్య ముఖం అప్పటికి వెలిగింది.

వెళ్ళేవాళ్ళు చలికాలంలో వెళ్ళండి, నీళ్ళు పట్టుకెళ్ళండి. స్తూపం ఎక్కడని అడిగితే తెలియకపోవచ్చు, విరాటరాజు కోట అని అడగండి.