'అల్' ఉన్నంత మాత్రాన అరబీ అయిపోదు



మా మొహల్లాలో కెమిస్ట్రీ చదివే కుర్రాడొకడు ఫఖ్ర్‌గా అడిగాడు: "చాచా, అల్కహెస్ట్ అంటే అన్నిటినీ కరిగించే ద్రావణి అట. పేరులోనే 'అల్' ఉంది. మన అరబ్ హకీములు కనిపెట్టిందేగా?"

కాదు బేటా. 'అల్' అరబీదే కానీ, 'కహెస్ట్' అనే లఫ్జ్ అరబీలో లేదు. దాన్ని మొదట రాసింది స్విట్జర్లాండ్‌లో పుట్టిన వైద్యుడు పారసెల్సస్ (1493–1541). ఆయన లెక్కలో అది కాలేయానికి దవా, అంతే. ఆ పేరు ఆయన సొంత కల్పన అని చాలామంది పండితుల రాయ్. అప్పట్లో యూరప్‌లో రసవిద్య ఇల్మ్ చాలామటుకు అరబీ కితాబుల నుంచి వచ్చిందే. అందుకే ఆ 'అల్' ముసుగు.

తర్వాత బ్రస్సెల్స్‌కు చెందిన వాన్ హెల్మాంట్ (మరణం 1644) ఆ పేరునే సర్వద్రావణికి పెట్టాడు. రాయైనా, కట్టైనా అందులో వేస్తే చివరికి నీళ్ళవుతుందన్నాడు. జర్మన్ రసాయనవేత్త కుంకెల్ నవ్వేశాడు. అన్నిటినీ కరిగించేదైతే దాన్ని పోసి ఉంచేది దేంట్లో?

మరి మన అసలైన విరాసత్ ఏది? పూర్ణా మార్కెట్‌లో అత్తర్ల దుకాణం ముందు నిలబడండి. అరలో సుర్మా డబ్బీ, పక్కనే 'ఆల్కహాల్ లేదు' అని రాసిన అత్తరు సీసా. సుర్మాను అరబీలో 'కుహ్ల్' అంటారు. ఆ 'అల్-కుహ్ల్' లాటిన్‌లోకి వెళ్ళి 'మెత్తటి పొడి' అయింది. ఆ తర్వాత శుద్ధి చేసి తీసిన సారం దేనికైనా ఆ పేరే వాడారు. ద్రాక్ష సారాయి సారాన్ని 'ఆల్కహాల్ వీనీ' అన్నది మళ్ళీ ఆ పారసెల్సస్ సాబే! చివరికి సారాయి సారానికే ఆ పేరు ఖాయమైంది. నేడు సెంట్లలో వాసనను కరిగించే అసలు ద్రావణి అదే. మనం హరామ్ అనే సరుకు మన కంటి సుర్మా పేరు మోస్తోంది!

అక్కడినుంచి కురుపాం మార్కెట్ వైపు నడిస్తే బంగారం దుకాణాలు. వెండిని కరిగించి బంగారాన్ని వదిలేసే నైట్రిక్ యాసిడ్ మన జుబాన్‌లో తేజాబ్. ఫార్సీలో తేజ్ అంటే పదును, ఆబ్ అంటే నీరు. 10వ శతాబ్దం తొలినాళ్ళలో కన్నుమూసిన హకీం అల్-రాజీ కూడా లోహాల మీద పనిచేసే ద్రవాలను 'పదునైన నీళ్ళు' అనే రాశాడు. ఇక మనం రోజూ అనే 'మస్‌లా హల్ అయింది' చూడండి. అరబీలో 'హల్' అంటే ముడి విప్పడం. చిక్కు తీర్చడానికీ, ఉప్పును నీళ్ళలో కరిగించడానికీ అదే లఫ్జ్.

ఇంత ఖజానా ఉండగా లేని అల్కహెస్ట్‌ను మన ఖాతాలో రాసుకోవడం దేనికి? ఒక్క అబద్ధపు దావా బయటపడితే, నిజమైన పదింటినీ లోకం షక్‌తోనే చూస్తుంది. నష్టం అల్-రాజీకి కాదు, రేపు ఆయన పేరెత్తే మన పిల్లలకు.

ఖుదా హాఫిజ్.