ట్యాంకు నుంచి నాజిల్ దాకా: డీజిల్ బండిలో దోషాన్వేషణ చరిత్ర

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోకి పీల్చుకున్న గాలిని పిస్టన్ గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికి, అదే సమయానికి సన్నటి తుంపరగా వచ్చి పడిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. కనుక ఎంత ఇంధనం పడాలి, ఎప్పుడు పడాలి, ఎంత సన్నగా పడాలి అన్న మూడు సంగతులూ ఇంధనాన్ని అందించే అమరిక చేతిలోనే ఉంటాయి. ట్యాంకు, గొట్టాలు, ఫిల్టరు, ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగే ఫీడ్ పంపు, దానికి అధిక పీడనం ఇచ్చే ఇంజెక్షన్ పంపు, చివరన సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్ అనే ఈ వరుసలో ఎక్కడ లోపం వచ్చినా పైకి కనిపించే లక్షణాలు దాదాపు ఒకటే: బండి స్టార్ట్ కాదు, అయినా పికప్ ఉండదు, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోతుంది, లేదా పొగ వదులుతుంది. లక్షణాలు కొన్నే, కారణాలు అనేకం కావడం వల్ల దోషాన్ని వెతకడమన్నది మరమ్మతు నుంచి విడివడి, తనదైన క్రమమూ పనిముట్లూ ఉన్న విద్యగా ఎదిగింది. గత నూరేళ్లలో ఆ విద్యను ఎక్కువగా మార్చినది ఇంధన పీడనం. పీడనం పెరిగినకొద్దీ దోషం కంటికీ చెవికీ అందకుండా పోయి, దాన్ని పట్టుకునే చోటు రోడ్డు పక్క నుంచి మూసిన గదికీ, ఆ గది నుంచి కంప్యూటర్ తెరకూ మారింది.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజన్‌లో ఇంధనాన్ని సిలిండర్‌లోకి ఊదింది సంపీడన గాలి. ఆ గాలిని తయారుచేసే కంప్రెసర్ చాలా బరువైనది కావడంతో తొలి తరం డీజిల్ ఇంజన్లు ఓడలకూ, విద్యుత్ కేంద్రాలకూ పరిమితమయ్యాయి. గాలి అవసరం లేకుండా ఇంధనాన్నే నేరుగా నొక్కి పంపగల చిన్న పంపు దొరికితేనే డీజిల్ రోడ్డెక్కగలదని గుర్తించిన రాబర్ట్ బాష్ సంస్థ 1922 చివరలో ఆ పనికి పూనుకుని, 1927లో ఇన్‌లైన్ పంపును వరుస ఉత్పత్తికి తెచ్చింది. ఇందులో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ప్లంజర్, అంటే బ్యారెల్ అనే గొట్టంలో పైకీ కిందికీ ఆడే ఉక్కు కడ్డీ, ఉంటుంది. ప్లంజర్ మీద ఏటవాలుగా ఒక గాడి కోసి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ర్యాక్ అనే పళ్ల కడ్డీ ప్లంజర్‌ను కొద్దిగా తిప్పగా, గాడి నిలిచిన తీరును బట్టి నాజిల్‌కు వెళ్లే డీజిల్ పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ప్లంజర్‌కూ బ్యారెల్‌కూ మధ్య రింగులు గానీ వాషర్లు గానీ ఉండవు. మిల్లీమీటరులో వెయ్యో వంతైన మైక్రాన్లలో కొలిచే సందు మాత్రమే ఉండేలా రెండింటినీ జతగా సానపడతారు. షెడ్లలో ఎలిమెంట్ అని పిలిచే ఈ జతలో ఒకదాన్ని మరో జతలోని దానితో మార్చడానికి వీల్లేదు, కంటికి కనిపించని దుమ్ము చేరినా దానికి గీత పడుతుంది.

భారతదేశంలో ఈ పరికరాల తయారీకి పునాది 1951లో స్థాపితమై, బాష్ సహకారంతో బెంగళూరులో కర్మాగారం నడిపిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అంటే మెకానిక్‌ల నోట స్థిరపడిన మైకో. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటాల లారీలు, అదే దశకంలో మద్రాసులో అశోక్ లేలాండ్ లారీలు రావడంతో సరుకు రవాణా క్రమంగా పెట్రోలు నుంచి డీజిల్‌కు మళ్లింది. హైదరాబాద్ నుంచి వచ్చే దారీ, కలకత్తా–మద్రాసు దారీ కలిసే విజయవాడలో 1960ల దశకంలో ఏర్పడిన ఆటోనగర్ వంటి చోట్ల లారీ మరమ్మతు వేర్వేరు చేతివృత్తులుగా చీలింది. ఇంజన్ మేస్త్రీ ఇంజన్ విప్పుతాడు గానీ పంపు విప్పడు. దాన్ని ఊడదీసి, గొట్టాల మూతులకు శుభ్రమైన గుడ్డ చుట్టి, పంపు షాపుకు పంపుతాడు. దుమ్ము లోపలికి రాకుండా తలుపులు మూసుకుని పనిచేసే పంపు షాపు, ఆరుబయట నడిచే తక్కిన షెడ్ల నడుమ ప్రత్యేక హోదా సంపాదించింది.

పంపు ఊడదీయవలసిన అవసరం ఉందో లేదో తేల్చే తొలి దశ మాత్రం బండి నిలిచిన చోటే జరిగేది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న గొట్టంలో పీడనం బయటి గాలి పీడనం కన్నా తక్కువగా ఉంటుంది కనుక, అక్కడ చిల్లు పడితే డీజిల్ బయటికి కారడానికి బదులు గాలి లోపలికి చొరబడుతుంది. ఎక్కడా తడి కనిపించకపోయినా ఇంజన్ ఆగిపోయే ఈ స్థితినే మెకానిక్‌లు ఎయిర్ పట్టడం అంటారు. గాలి తీయడానికి ఫిల్టరు తల మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపుకున్న చేతి ప్రైమర్ కొడతారు. మొదట నురగ, తరువాత బుడగలతో కూడిన డీజిల్, చివరకు నిండు ధార వస్తుంది, అప్పుడు ప్రైమర్‌ను నొక్కి ఉంచి స్క్రూ బిగించాలి. గాలి మళ్లీ మళ్లీ పడుతుంటే డీజిల్ నింపిన డబ్బాను ఇంజన్ కన్నా ఎత్తులో కట్టి, దాని గొట్టాన్ని నేరుగా పంపుకు కలిపి నడుపుతారు. ఇంజన్ సాఫీగా నడిస్తే దోషం ట్యాంకు వైపు, నడవకపోతే పంపు వైపు ఉన్నట్టు తేలుతుంది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మట్టితో పూడుకుపోయినా బండి కొంత దూరం నడిచి ఆగుతుంది. అలాంటప్పుడు మూత తిప్పగానే బుస్సుమంటూ గాలి లోపలికి పోతుంది.

నాజిల్‌లో తేడా ఉందని అనుమానిస్తే, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా, నాజిల్ అమర్చి ఉండే ఒక్కో ఇంజెక్టర్ దగ్గర గొట్టం నట్టును కొద్దిగా వదులు చేసేవారు. ఇంజన్ శబ్దం పడిపోతే ఆ సిలిండర్ అంతవరకు పనిచేస్తున్నట్టు, మార్పు లేకపోతే దోషం అక్కడే ఉన్నట్టు. నల్ల పొగ ఇంధనం ఎక్కువైందనో, గాలి చాలలేదనో, తుంపర ముతకగా పడుతోందనో చెబితే, స్టార్ట్ చేసేటప్పుడు వచ్చే తెల్ల పొగ కాలకుండా వెళ్లిపోయిన డీజిల్‌ను సూచించేది. అనుమానపు నాజిల్‌ను పంపు షాపులో చేతిమీటతో నడిచే టెస్టర్‌కు బిగించి, నిర్ణీత పీడనం దగ్గర కిర్రుమని తెరుచుకుంటోందా, తుంపర అన్ని రంధ్రాల నుంచీ సమంగా వస్తోందా, మూసుకున్నాక మొన వద్ద చుక్క నిలుస్తోందా అని చూస్తారు. చుక్క నిలిచిందంటే ఆ నాజిల్ పనికిరాదు. పంపునైతే క్యాలిబ్రేషన్ బెంచి మీద తిప్పి, నిర్ణీత సంఖ్యలో స్ట్రోకులకు ఒక్కో గొట్టం నుంచి గాజు కొలపాత్రలో పడిన డీజిల్ సమంగా ఉండేలా సరిచేస్తారు.

1980లలో జపాన్ సంస్థల సహకారంతో తేలికపాటి వాణిజ్య వాహనాలు ప్రవేశించాయి. జహీరాబాద్‌లో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి తయారుచేసినవి వాటిలో ఉన్నాయి. 1986లో టాటా 407, 1988లో టాటామొబైల్ పికప్ రావడంతో చిన్న డీజిల్ బండి పట్టణాలకూ పల్లెలకూ విస్తరించింది. చిన్న ఇంజన్లకు అనువైన రోటరీ పంపు అప్పటికే కొన్ని ట్రాక్టర్ల ద్వారా మెకానిక్‌లకు పరిచయమై ఉంది. అన్ని సిలిండర్లకూ ఒకే పంపింగ్ భాగం వంతులవారీగా ఇంధనం పంచే ఈ పంపు తేలికైనది, చవకైనది. అయితే ఇన్‌లైన్ పంపులో క్యామ్‌షాఫ్ట్‌కు ఆయిల్ విడిగా అందేది. రోటరీ పంపులో లోపలి భాగాలన్నిటికీ డీజిలే కందెన. రేషన్ కిరోసిన్‌కూ డీజిల్‌కూ మధ్య ధరల అంతరం ఉన్న ఆ కాలంలో కల్తీ డీజిల్ వల్ల ముందుగా దెబ్బతిన్నవి ఇలాంటి పంపులే. అరిగిన రోటరీ పంపు చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కాక మొరాయిస్తుంది, ఎందుకంటే వేడికి పలచబడిన డీజిల్ పెరిగిన సందుల్లోంచి లోపలే కారిపోతుంది. ఆగిన బండి పంపు మీద తడిగుడ్డ వేసి చల్లబరచగానే స్టార్ట్ అయితే పంపు అరిగిందని తేల్చే పద్ధతి ఈ కారణం నుంచే పుట్టింది.

ఇంధనం శుద్ధి కావడం కూడా ఒక చిక్కు తెచ్చింది. కాలుష్య నియంత్రణ కోసం డీజిల్‌లో గంధకాన్ని తగ్గిస్తూ వచ్చారు. భారత్ స్టేజ్ 3 ప్రమాణాల్లో పది లక్షల భాగాలకు 350 భాగాలున్న పరిమితి, స్టేజ్ 4లో 50కి, 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమలైన స్టేజ్ 6లో 10కి దిగింది. గంధకాన్ని తొలగించే శుద్ధి ప్రక్రియలో డీజిల్‌కు సహజంగా ఉండే కందెన గుణం కూడా తగ్గుతుంది. 1990ల ఆరంభంలో స్వీడన్‌లో తక్కువ గంధకపు డీజిల్ రాగానే రోటరీ పంపులు పాడవడంతో, కందెన గుణాన్ని పెంచే రసాయనాలు కలపడం ఆనవాయితీ అయింది.

1995లో జపాన్ లారీలోనూ, 1997లో ఇటలీ కారులోనూ మార్కెట్‌కు వచ్చి, 2000ల తొలి ఏళ్లలో భారత రోడ్ల మీదికి చేరిన కామన్ రైల్ పద్ధతి దోషాన్వేషణను కొత్త దశకు తెచ్చింది. పంపు డీజిల్‌ను నొక్కి రైల్ అనే ఉమ్మడి గొట్టంలో నిల్వ ఉంచితే, ఎప్పుడు ఎంత చిమ్మాలో కంప్యూటర్ నిర్ణయించి ఇంజెక్టర్‌ను విద్యుత్తుతో తెరుస్తుంది. పాత నాజిల్ రమారమి 200 బార్ల వద్ద తెరుచుకుంటే, కొత్త రైల్‌లో పీడనం 1,600 బార్లనూ దాటుతుంది. వాతావరణ పీడనం దాదాపు ఒక బార్. ఇంజన్ నడుస్తుండగా నట్టు వదులు చేసే పాత అలవాటు ఇక్కడ ప్రాణాంతకం, ఎందుకంటే అంత పీడనంతో చిమ్మే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అందువల్ల మెకానిక్ ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకు చిన్న సీసాలు తగిలించి, ఏ సీసా ముందుగా నిండుతుందో చూసి, లోపల కారిపోతున్న ఇంజెక్టర్‌ను గుర్తిస్తాడు. స్టార్టర్ తిప్పేటప్పుడు రైల్ పీడనం కనీస స్థాయికి చేరకపోతే కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవనే తెరవదు.

అయినా బండి కంప్యూటర్ నమోదు చేసిన దోషాలను చదివే స్కానర్ తెర మీద కనిపించే పీ0087 వంటి కోడ్ రైల్ పీడనం తక్కువగా ఉందని మాత్రమే చెబుతుంది. ఫిల్టరు పూడుకుందా, గాలి పట్టిందా, పంపు అరిగిందా, ఇంజెక్టర్ కారుతోందా, పీడనాన్ని నియంత్రించే వాల్వ్ పాడైందా అన్నది చెప్పదు. కోడ్ చూసిన వెంటనే పంపు మార్చడం ఖరీదైన పొరపాటు అవుతుందని తెలిసిన మెకానిక్ ట్యాంకు మూత, నీటిని వేరుచేసే గిన్నె, ఫిల్టరు, గొట్టాల బిగింపులు అన్న పాత క్రమాన్నే మొదట అనుసరిస్తాడు, ఎందుకంటే తక్కువ పీడనం వైపు వచ్చిన ప్రతి లోపమూ ఎక్కువ పీడనం వైపు లోపంగానే కనిపిస్తుంది. తక్కువ పీడనం ఉండే మొదటి సగం ఇప్పటికీ చేతి పనిముట్లకు అందేదే. రెండో సగాన్ని మాత్రం ప్రత్యేక పరికరాలూ, ఒక్కో ఇంజెక్టర్‌కు విడిగా కంప్యూటర్‌లో నమోదు చేయవలసిన సంకేత సంఖ్యలూ కలిసి చిన్న షెడ్డుకు అందనంత దూరం చేశాయి. మరమ్మతు చేసే అధికారం ఇలా కొద్దిచోట్లకు కుదించుకుపోయినా, దోషాన్ని ట్యాంకు వైపు నుంచి వెతకాలన్న క్రమాన్ని పీడనం పెరుగుదల రద్దు చేయలేదు. తప్పు అంచనా ఖరీదు పెరిగినకొద్దీ ఆ క్రమం విలువ కూడా పెరిగింది.