పాపికొండల విహారం... బోటు కదిలేముందే భద్రత

రెండు వైపులా కొండలు, నడుమ మెలికలు తిరుగుతూ సాగే గోదావరి. పాపికొండల విహారం తెలుగువారికి ఎంతో ఇష్టమైనది. దిగువన గండిపోచమ్మ ఆలయం వద్ద నుంచి, ఎగువన పోచవరం నుంచి పర్యాటకులు బోట్లలో బయలుదేరుతారు. ఇంజను, లైఫ్ జాకెట్ల మాట అలా ఉంచితే, ఆ పూట బోటు కదలాలా వద్దా అని నిర్ణయించేది ఎవరన్నదే భద్రతకు సంబంధించిన అసలు ప్రశ్న.

మూడు దుర్ఘటనలు... మూడు కారణాలు

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణా నదిలో పర్యాటకుల బోటు బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. ఆ బోటుకు అనుమతి లేదని తేలింది. 2018 మే 15న దేవీపట్నం మండలంలో గాలివానకు లాంచీ మునిగింది. వాన జల్లు పడకుండా తలుపులు మూసుకున్నందున లోపలివారు బయటపడలేకపోయారని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద 77 మందితో వెళుతున్న రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. ఆనాడు గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహిస్తోంది. సమీప గ్రామస్థులు పడవలపై వెళ్లి బాధితులను కాపాడారు. ధర్మాడి సత్యం బృందం శ్రమించి అక్టోబరు 22న బోటును వెలికితీసింది.

మొదటిది అనుమతి లోపం, రెండోది వాతావరణం, మూడోది వరద. కారణాలు వేరైనా, ఆ పూట బోటు ఒడ్డునే ఆగి ఉంటే ఈ మూడూ జరిగేవి కావు.

సుడిగుండాల తీరు

వెడల్పుగా పారే నది కొండల మధ్య ఇరుకున పడినప్పుడు వేగం పుంజుకుంటుంది. మలుపుల వద్ద ప్రవాహం రాతి ఒడ్డును ఢీకొని వెనుదిరిగి సుడులు ఏర్పడతాయి. వరదకాలంలో ఇంజను శక్తి చాలని బోటు అక్కడ అదుపు తప్పుతుంది. పై అంతస్తులో జనం ఎక్కువైతే బోటు నిలకడ తగ్గుతుంది. భయంతో అందరూ ఒకే వైపునకు చేరితే క్షణాల్లో ఒరిగిపోతుంది.

వచ్చిన మార్పులు

కచ్చులూరు దుర్ఘటన తరువాత బోట్లను నిలిపివేసిన రాష్ట్ర ప్రభుత్వం 2020లో తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు ఏర్పాటు చేసింది. బోటు తనిఖీ, ప్రయాణికుల లెక్క, నీటిమట్టం పరిశీలించి అనుమతి ఇవ్వడం వీటి బాధ్యత. 2021లో విహారం తిరిగి మొదలైంది. అదే ఏడాది పార్లమెంటు ఆమోదించిన అంతర్గత జలనౌకల చట్టం ప్రకారం యాంత్రిక నౌకలకు రిజిస్ట్రేషను, సర్వే ధ్రువపత్రం, బీమా అవసరం.

ఈ ఏర్పాటులోని మేలు ఒక్కటే. టిక్కెట్లు అమ్మిన యజమానికి బోటు ఆపితే నష్టం. సెలవురోజున వందల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన పర్యాటకులూ వెళ్లాలనే పట్టుబడతారు. కనుక ఆపే అధికారం ఆ రాబడితో సంబంధం లేనివారి చేతిలో ఉండాలి. ఏ నీటిమట్టం వద్ద ఆపాలో ముందే నిర్ణయించి, రేవులో అందరికీ కనిపించేలా రాసి ఉంచితే ఒత్తిళ్లకు తావుండదు. రద్దయితే సొమ్ము పూర్తిగా తిరిగి ఇచ్చే పద్ధతి ఉంటే పర్యాటకులూ సహకరిస్తారు.

ప్రయాణికులు గమనించవలసినవి

* బోటు ఎక్కేముందు అనుమతి పత్రాన్ని, ప్రయాణికుల పరిమితిని అడిగి తెలుసుకోవాలి.
* పేరు జాబితాలో నమోదైందో లేదో చూసుకోవాలి. ప్రమాదం జరిగితే ఎంతమంది కోసం వెతకాలో ఆ జాబితాయే చెబుతుంది.
* లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకుని, దిగేవరకు తీయరాదు. ఉక్కపోతగా ఉందని పక్కన పెడితే ఆపదలో అందదు. పిల్లలకు వారి కొలతకు తగినది అడగాలి.
* గాలివాన వచ్చినా బయటకు వెళ్లే దారులు మూయరాదు.
* ఫొటోల కోసం ఒకే వైపు గుమికూడరాదు.

వరద ఉందని బోటు ఆపినప్పుడు సిబ్బందితో వాదించక వెనుదిరగడం మేలు. కొండలు ఎక్కడికీ పోవు, నీరు తగ్గాక మళ్లీ రావచ్చు.