ఉగ్గుగిన్నె చరిత్ర

మన హిమాయత్‌నగర్‌కు ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే కాపురం ఉంటున్నవాళ్ళు కూడా కాస్త తడుముకుంటారు. ఏడవ నిజాం పెద్దకొడుకు ఆజం జా అసలు పేరు హిమాయత్ అలీ ఖాన్. గండిపేట పక్కనున్న హిమాయత్‌సాగర్‌ది ఆయన పేరే. మన పేటదీ ఆయన పేరేనని పెద్దలంటారు. 1931 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో ఆయనకూ, తమ్ముడు మొజ్జం జాకూ ఒకేసారి పెళ్ళిళ్ళయ్యాయి. పెళ్ళికూతుళ్ళిద్దరూ టర్కీ రాజకుటుంబపు పిల్లలు. పెద్దకోడలు దుర్రెషెహవార్, చిన్నకోడలు నిలోఫర్.

ఈ తోడికోడళ్ళిద్దరి అందం గురించి మన ఊళ్ళో కథలు కథలుగా చెప్పుకున్నారు. నాకు మాత్రం వాళ్ళ నగలకంటే ఇంకో సంగతి ఎక్కువ నచ్చుతుంది. ఇద్దరి పేర్ల మీదా ఈ ఊళ్ళో పిల్లల ఆస్పత్రులున్నాయి. పురానీ హవేలీలో ఉన్నది పెద్దావిడ పేరు మీద. నాంపల్లి దాటాక రెడ్‌హిల్స్‌లో ఉన్నది చిన్నావిడ పేరు మీద. నిలోఫర్‌కు పిల్లలు లేరు. 1949లో ఆమె పరిచారిక కాన్పు కష్టమై చనిపోయిందట. ఆ దుఃఖంలోంచి పుట్టిన ఆలోచన 1953లో ఆస్పత్రిగా తెరుచుకుంది. అప్పటికి ఆమె వివాహబంధమే తెగిపోయింది. 1989లో పారిస్‌లో కన్నుమూసింది. తల్లి కాలేకపోయిన మనిషి పేరు ఇన్ని లక్షల తల్లుల నోట నానింది, చూశారా!

సరే, ఇంతవరకూ పుస్తకాల్లో దొరికే చరిత్రే. నేను రాద్దామనుకున్నది ఆ ఆస్పత్రి గేటు దాటి ఇంటికొచ్చాక మొదలయ్యే చరిత్ర.

పుట్టగానే ఏడవని బిడ్డ, నెలలు నిండని బిడ్డ, పచ్చకామెర్లు ముదిరిన బిడ్డ - ఒకప్పుడు వీళ్ళలో చాలామంది దక్కేవాళ్ళు కాదు. ఇప్పుడు దక్కుతున్నారు. దక్కినవాళ్ళలో కొందరికి మెదడు దెబ్బతిని ఉంటుంది. అలాంటి బిడ్డను చేతికిచ్చి "ఇంటికి తీసుకెళ్ళమ్మా" అంటారు. అక్కణ్ణుంచి డాక్టరూ నర్సూ ఆయా అన్నీ అమ్మే.

మా కింద వాటాలో ఒకావిడ ఉంది. వరసకు వదిన అని పిలుస్తాను. ఆవిడ కొడుక్కి పదిహేడేళ్ళు. మెడ నిలబడలేదు, మాట లేదు, కాళ్ళూ చేతులూ కర్రల్లా బిగుసుకుపోయి ఉంటాయి. అయినా తల్లి అడుగుల చప్పుడు వింటే మొహం వెలుగుతుంది. అతనికి అన్నప్రాశన నాడు కొన్న వెండి ఉగ్గుగిన్నె ఇంకా అటక ఎక్కలేదు. రోజూ మూడు పూటలా వాడుకే.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఫిట్స్ మందు. ఒక్క పూట తప్పితే ఆ రోజంతా ఇంట్లో ఎవరికీ నీళ్ళు ముట్టే తీరిక ఉండదు. తరవాత పక్క మార్చడం, తడి తుడవడం, వీపు మీద ఎర్ర మచ్చ ఏదైనా లేచిందేమో చూడడం. రెండు గంటలకోసారి అటు నుంచి ఇటు తిప్పకపోతే ఒరుపుళ్ళు పుడతాయి. ఒకసారి పుండు పడితే మానడానికి నెలలు. ఇక తిండి. మామూలు పిల్లలకైతే ఇది పది నిమిషాల పని. ఇక్కడ గంట. పప్పన్నం మిక్సీలో వేసి, పలచనా కాకుండా గట్టిగానూ కాకుండా చేయాలి. పలచనైతే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, గట్టిదైతే గొంతుకడ్డం పడుతుంది. తల కాస్త ఎత్తి, గడ్డం కిందికి ఉండేలా మోచేతి మీద ఆనించుకుని చెంచాడు పెట్టి, గుటక పడేదాకా ఆగాలి. ఆ గుటక చప్పుడు కోసం ఆవిడ చెవులు రిక్కించి ఉంటుంది. ఆ వేళ గుమ్మంలో ఎవరు పిలిచినా పలకదు. గర్వమనుకునేరు!

మింగలేని పిల్లలకు పొట్టలోకి నేరుగా గొట్టం అమర్చే సులువైన పద్ధతి ఒకటుంది. పెద్ద ఆపరేషను లేకుండా, లోపలికి దీపం పంపి చూసి అమరుస్తారు. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో దాన్ని మొదటిసారి చేసింది నెలల పసిబిడ్డకే. మా వదినకూ డాక్టర్లు ఆ మాట చెప్పారు. "ఆ ఒక్క రుచీ వాడికి లేకుండా చేయనా?" అని ఆవిడ ఇంకా తేల్చుకోలేదు. రెండుసార్లు న్యుమోనియా వచ్చాక ఈ మధ్య కాస్త మెత్తబడింది.

ఈ జబ్బుకు పేరు పెట్టిన కథా చెప్పుకోదగ్గదే. విలియం లిటిల్ అని లండన్ డాక్టరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయన కాలే వంకరపోయింది. 1861లో ఆయన, కాన్పు కష్టమై ఊపిరాడకపోవడం వల్ల పిల్లలు ఇలా బిగుసుకుపోతారని ఒక వ్యాసం చదివాడు. షేక్‌స్పియర్ నాటకంలోని మూడో రిచర్డును కూడా సాక్ష్యానికి లాక్కొచ్చాడు! చాలాకాలం దీన్ని లిటిల్ జబ్బు అనే పిలిచారు. మనసుల లోతులు తవ్విన ఫ్రాయిడ్ ఉన్నాడే, ఆయన అంతకుముందు నరాల డాక్టరు. 1897లో ఆయన వేరే మాటన్నాడు: కష్టమైన కాన్పు కారణం కాకపోవచ్చు, కడుపులోనే జరిగిన లోపానికి అది గుర్తు కావచ్చు అని. ఎవరూ పట్టించుకోలేదు. 1986లో అమెరికాలో యాభై వేలకు పైగా కాన్పుల వివరాలు పరిశీలించాక, చాలామంది పిల్లల విషయంలో ఆయన అన్నదే నిజానికి దగ్గరని తేలింది.

ఇదంతా ఎందుకంటారా? ఈ కబురు మన ఇళ్ళకింకా చేరలేదు కనక. గ్రహణంనాడు బయటికొచ్చావేమో, ఏ పక్షిదోషమో, కాన్పులో గట్టిగా ప్రయత్నం చేయలేదేమో అని ఆవిణ్ణి అడగని చుట్టం లేదు. పదిహేడేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. ఫ్రాయిడ్ మాట చెబితే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "ఆ కాయితం మా అత్తగారు బతికుండగా దొరికుంటే బాగుండేది" అంది.

మన ఊరు ఈ విషయంలో వెనకబడిందేం కాదు. 1968లో ఠాకూర్ హరిప్రసాద్ గారి సంస్థ, 1977లో సికింద్రాబాదులో స్వీకార్, 1984లో బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో కేంద్రప్రభుత్వం వారి జాతీయ సంస్థ - ఇన్ని వచ్చాయి. ఎముకల సంగతికి పంజగుట్ట నిమ్స్ ఎలాగూ ఉంది, పాతవాళ్ళ నోట ఇప్పటికీ అది బొక్కల దవాఖానాయే. ఎటొచ్చీ ఇవన్నీ అక్కడిదాకా వెళ్ళగలిగిన పిల్లలకు ఎక్కువ అక్కరకొస్తాయి. ఆటోలో నాలుగు కుదుపులకే ఫిట్స్ వచ్చే పిల్లవాడికి బోయిన్‌పల్లీ ఒకటే, బొంబాయీ ఒకటే.

2011 జనాభా లెక్కల్లో ఒకటికంటే ఎక్కువ వైకల్యాలున్నవాళ్ళు దేశంలో 21 లక్షల పైచిలుకని తేలింది. వాళ్ళకు అన్నం కలిపే చేతులెన్నో లెక్క రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

చట్టాల్లో నాకు ముఖ్యంగా తోచేది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. "మా తరవాత వీళ్ళ గతేమిటి?" అని దేశమంతటా తల్లిదండ్రులు అడగ్గా అడగ్గా వచ్చిన చట్టమది. దాని కింద నిరామయ పేరుతో ఏడాదికి లక్ష రూపాయలదాకా ఆరోగ్య బీమా ఉంది. అంతకంటే పెద్ద సంగతి సంరక్షకుల ఏర్పాటు. పిల్లవాడికి పద్దెనిమిది నిండితే చట్టం దృష్టిలో పెద్దవాడు. మాట రానివాడైనా సరే, అతని తరఫున సంతకం పెట్టే హక్కు కన్నవాళ్ళకు దానంతటది ఉండదు. కలెక్టరుగారి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి.

మొన్న ఆదివారం మా వదిన ఆ దరఖాస్తు పట్టుకొచ్చింది. పిల్లవాడు నిద్రపోయాడు కాబట్టి పైకి రాగలిగింది. "చూడమ్మా, వచ్చే శ్రావణానికి వాడికి పద్దెనిమిదట. వాడికి నేనేమవుతానో కలెక్టరుగారు చెప్పాలట" అని నవ్వింది. ఇద్దరం కూచుని పేరూ, వయసూ, సదరం సర్టిఫికెట్టు నంబరూ నింపాం. సంరక్షకుల గడిలో తన పేరూ, ఆయన పేరూ రాసింది. "మేమిద్దరం పోయాకో? ఇంకెవరి పేరు రాయాలి?" అంది. అమెరికాలో ఉన్న మరిది పేరు అనుకుంది, కాదనుకుంది. తమ్ముడి పేరు అంది. తమ్ముడి భార్యను అడక్కుండా ఎలాగంది. చివరికి వేరే తెల్లకాయితం తీసుకుని పెన్సిలుతో ఒక పేరు రాసి, మడిచి, కొంగున ముడేసుకుంది. ఎవరి పేరో నాకు చూపించలేదు.

అంతలో కింద దగ్గు వినిపించింది. చెప్పులైనా వేసుకోకుండా దిగిపోయింది.