గిడ్డంగులకి చరిత్ర అక్కర్లేదా?

సత్తెనపల్లిలో పాత జిన్నింగు మిల్లు ఆవరణ ముందు ఆగి ఫోటో తీసుకునేవాళ్లు ఎవరూ ఉండరు. పొడుగాటి ఇటుక గోడ, పైన రేకుల కప్పు, లారీ వెనక్కి వచ్చి ఆనేంత పెద్ద తలుపు. ఇందులో చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది.

కాస్త నిలబడి చూస్తే ప్రతిదానికీ ఒక కారణం కనిపిస్తుంది. ఇక్కడిది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. పైపైన పునాది వేస్తే గోడ చీలుతుంది. అందుకని లోతుగా తవ్వాలి, నేలమట్టం ఎత్తు లేపాలి. పత్తికి నిప్పు భయం, మిరపకాయకి చెమ్మ భయం. కిటికీలు చిన్నవిగా, చేతికి అందనంత ఎత్తున ఉంటే గాలీ ఆడుతుంది, దొంగా దూరడు. సరుకే ఇక్కడ మేస్త్రీ.

మన ప్రాంతంలో సరుకు కోసం ఇటుక పేర్చడం ఎంత పాతదో తెలియాలంటే ఎంతో దూరం పోనక్కర్లేదు. అమరావతిని ఆనుకుని ధరణికోట ఉంది. 1962 తరవాత పురావస్తు శాఖ అక్కడ జరిపిన తవ్వకాల్లో పడవలు వచ్చే కాలవ, దాని ఒడ్డున సరుకు దించే రేవుకట్ట బయటపడ్డాయి. రేవుకట్టని ముందు కర్ర స్తంభాలతో కట్టారు, తరవాత ఇటుకతో. వర్తకం నిలదొక్కుకున్నాక కర్ర చాలక ఇటుకకి మారారని నా ఊహ. దించిన సరుకుని ఎక్కడ పెట్టేవారన్నది తరవాతి ప్రశ్న. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో తవ్విన మార్టిమర్ వీలర్, సుమారు 150 అడుగుల పొడవున్న ఒక ఇటుక కట్టడాన్ని గిడ్డంగిగా గుర్తించాడు. తూర్పు తీరపు రేవుల్లో ఇలాంటి కొట్లు ఎలా ఉండేవో ఊహించుకోవడానికి అదొక ఆధారం.

భాషలో ఇంకో ఆధారం ఉంది. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన మూడో శతాబ్దపు శాసనంలో ఆమె బంధువుల ప్రస్తావనలో ‘కోఠాకారిక’ అన్న ఉద్యోగం వస్తుంది. కోఠారాన్ని చూసుకునే అధికారి అన్నమాట. మన ‘కొఠారు’ ఆ కుటుంబపు మాటే. ఇక ఇంగ్లీషు ‘గోడౌన్’ మలయ్ భాష మీదుగా వచ్చిందనీ, దాని మూలం మన ‘గిడ్డంగి’, తమిళుల ‘కిడంగు’ కావచ్చనీ 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెబుతుంది. అదే నిజమైతే, మనం ఎగుమతి చేసిన మాటనే మళ్లీ దిగుమతి చేసుకుని ‘గోడౌను’ అంటున్నాం!

మాట మిగిలినంత గట్టిగా కట్టడం మిగలలేదు. అమరావతి స్తూపం సంగతే చూడండి. దానికి రాళ్లు ఇచ్చినవాళ్లలో వర్తకులున్నారు, విధికుడనే చర్మకారుడూ ఉన్నాడు. అంత పుణ్యస్థలం కూడా 18వ శతాబ్దం చివర, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో కొత్త ఊరు కడుతూ ఉండగా, ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వకాలకి గురయింది. కాలిన్ మెకంజీ తన మనుషులతో మళ్లీ వచ్చి కొలతలు తీసి బొమ్మలు గీయించింది 1816లో. అప్పటికే చాలా పోయింది. అయినా ఆ బొమ్మల వల్లే పోయినదాని రూపం కొంతైనా మనకి తెలుస్తోంది.

స్తూపానికి భక్తులున్నారు, శిల్పాలున్నాయి. గిడ్డంగికి ఆ రెండూ లేవు. పని ఆగిన రోజే దాని ఆయువు తీరుతుంది. మిరపకాయ కోల్డ్ స్టోరేజీకి మారిపోయింది. జిన్నింగు మిల్లు స్థలానికి ప్లాట్ల ధర పలికితే గోడలు పడగొట్టడానికి ఒక్కరోజు చాలు. అన్నిటినీ కాపాడమని నేను అడగను, అది యజమానికి భారం. కూల్చేముందు ఎవరైనా టేపు పట్టుకెళ్లి గోడ మందం, కిటికీ ఎత్తు, కప్పు వాలు కొలిచి కాగితం మీద పెట్టమంటున్నా. దగ్గర్లోని ఇంజనీరింగు కాలేజీ పిల్లలకి రెండు రోజుల పని. అక్కడ బోరాలు మోసిన ముఠా కూలీల్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే వెళ్తే, ఏ మూల చెమ్మ పట్టేదో, ఏ తలుపు ఎందుకు మూసేశారో కూడా వాళ్లే చెబుతారు.